మల్టీకాస్ట్‌ను రెండు మార్కుల ప్రశ్నగా వదిలేయొద్దు, ల్యాబ్‌లో నడిపించండి

సంపాదకులకు నమస్కారం.

మన ఇంజినీరింగ్ విద్యార్థులకు మల్టీకాస్ట్ అంటే పరీక్షలో రెండు మార్కులు. క్లాస్ డీ చిరునామాలు 224.0.0.0 నుంచి 239.255.255.255 దాకా ఉంటాయని, ఒకరు పంపింది గ్రూపులో చేరినవాళ్లందరికీ అందుతుందని రాస్తే ఆ మార్కులు పడిపోతాయి. నెట్‌వర్క్ ల్యాబ్‌లో సాకెట్ ప్రోగ్రామింగ్ ఎకో సర్వర్, చాట్ ప్రోగ్రామ్ దగ్గరే ఆగిపోతుంది. ఆ పిల్లలే రేపు కేబుల్ టీవీ హెడ్‌ఎండ్‌లోనో (ఛానళ్లను సిద్ధం చేసి కేబుళ్లలోకి పంపే కేంద్రం), షేర్ల బ్రోకింగ్ సంస్థలోనో చేరితే మొదటి వారమే మల్టీకాస్ట్ ఎదురవుతుంది. డిజిటల్ హెడ్‌ఎండ్‌లో ఎన్‌కోడర్ల నుంచి ఛానళ్లు తర్వాతి పరికరాలకు వెళ్లడానికి ఇది మామూలు దారి. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ తన టిక్ బై టిక్ ధరలను సభ్యులకు పంపేదీ ఇలాగే. దీన్ని నేర్పడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. రెండు కంప్యూటర్లు, ఒక స్విచ్, ముప్ఫై లైన్ల పైథాన్ స్క్రిప్ట్ చాలు. అది ఎలాగో, ఎక్కడెక్కడ తప్పుతుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు దీని లాభమేమిటో ఒక లెక్కలో చూద్దాం. ల్యాబ్‌లో 60 కంప్యూటర్లున్నాయి. ఉపాధ్యాయుడి తెర 4 ఎంబీపీఎస్ వీడియోగా అందరికీ వెళ్లాలి. ఒక్కొక్కరికీ విడివిడిగా పంపితే ఆయన కంప్యూటర్ నుంచి 240 ఎంబీపీఎస్ బయలుదేరాలి. మల్టీకాస్ట్‌లో బయలుదేరేది 4 మాత్రమే, నకళ్లు తీసే పని స్విచ్‌ది. స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేసిన స్టీవ్ డీరింగ్ 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1112 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం రాసినప్పటి నుంచి ఈ పద్ధతి మూలంలో మారలేదు. వినదలచిన కంప్యూటర్ 'నేను ఫలానా గ్రూపులో ఉన్నాను' అని ఐజీఎంపీ అనే చిన్న సందేశంతో చెబుతుంది. పంపేవాడికి వినేవాళ్లెవరో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

మొదటి ప్రయోగానికి పంపే ప్రోగ్రామ్ కూడా రాయక్కర్లేదు. ఇంట్లో స్మార్ట్ టీవీ, వైఫై రూటర్, సెట్‌టాప్ బాక్స్ లాంటివి తాము ఉన్నామని 239.255.255.250 అనే గ్రూపుకు, 1900 పోర్టుకు అప్పుడప్పుడూ చెప్పుకుంటుంటాయి. ఆ సందేశాలు మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. 'నోటిఫై' అని మొదలైతే ఏదో పరికరం తన గురించి చెబుతోందని, 'ఎమ్-సెర్చ్' అని మొదలైతే ఎవరో పరికరాల కోసం వెతుకుతున్నారని అర్థం. స్క్రిప్ట్ నడిపి కాసేపు ఆగితే ఇంట్లో ఏమేమి ఉన్నాయో తెరమీద కనిపిస్తాయి. విద్యార్థికి ఆసక్తి పుట్టించడానికి ఇంతకు మించింది లేదు.

ఉత్తరంలో కోడ్ మొత్తం వేయడానికి చోటుండదు కాబట్టి స్క్రిప్ట్‌లో ఏం ఉండాలో మాటల్లోనే చెబుతున్నాం. పైథాన్‌తో వచ్చే సాకెట్, స్ట్రక్ట్ మాడ్యూళ్లు సరిపోతాయి. ఏఎఫ్_ఐనెట్, సాక్_డీగ్రామ్‌లతో యూడీపీ సాకెట్ తెరవాలి. వెంటనే ఎస్ఓ_రీయూజ్‌అడ్రర్ ఆప్షన్‌ను 1 చేయాలి. ఇది బైండ్‌కు, అంటే సాకెట్‌ను పోర్టుకు కట్టడానికి, ముందే జరగాలి, తర్వాత పెడితే ప్రయోజనం లేదు. ఇది లేకపోతే అదే పోర్టును ఇంకో ప్రోగ్రామ్ వింటున్నప్పుడు 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అని ఆగిపోతుంది. 1900 పోర్టు దగ్గర ఇది తరచూ జరిగేదే. ఆ తర్వాత పోర్టుకు బైండ్ చేయాలి. దాని తర్వాత గ్రూపు చిరునామా నాలుగు బైట్లు, మన నెట్‌వర్క్ కార్డు ఐపీ చిరునామా నాలుగు బైట్లు, మొత్తం ఎనిమిది బైట్లు కలిపి ఐపీ_యాడ్_మెంబర్‌షిప్ ఆప్షన్‌కు ఇవ్వాలి. ఐజీఎంపీ సందేశం బయటికి వెళ్లేది ఈ లైను దగ్గరే. సాకెట్‌కు ఐదు సెకన్ల టైమవుట్ పెట్టి, లూప్‌లో రిసీవ్‌ఫ్రమ్ పిలవాలి. టైమవుట్ పెట్టకపోతే డేటా రానప్పుడు స్క్రిప్ట్ మౌనంగా కూర్చుంటుంది, అది పనిచేస్తోందో లేదో తేలదు.

ఆ ఎనిమిది బైట్ల దగ్గర ఒక పాత తప్పు చేతులు మారుతూ వస్తోంది. చాలా నమూనా స్క్రిప్టుల్లో స్ట్రక్ట్ ప్యాక్‌కు '4ఎస్ఎల్' అనే ఫార్మాట్ ఇచ్చి, రెండో భాగంలో ఐనెట్‌అడ్రర్_ఎనీ, అంటే సున్నా పెడతారు. 64 బిట్ల లైనక్స్‌లో ఆ 'ఎల్' ఎనిమిది బైట్లు తీసుకుంటుంది, మధ్యలో నాలుగు బైట్ల ఖాళీ చేరుతుంది, మొత్తం 16 బైట్లవుతుంది. అయినా పనిచేస్తుంది. ఎందుకంటే 12 బైట్లకు తగ్గకుండా వస్తే లైనక్స్ లోపలి ముఖ్యభాగమైన కర్నెల్ దాన్ని కొత్త తరహా నిర్మాణంగా చదువుతుంది, అందులో కార్డు చిరునామా, కార్డు సంఖ్య రెండూ సున్నాలే అవుతాయి, సున్నా అంటే 'నువ్వే చూసుకో' అని. చిక్కల్లా ఆ సున్నా బదులు నిజంగా ఒక కార్డు చిరునామా పెట్టినప్పుడు వస్తుంది. చిరునామా వెళ్లాల్సిన చోటికి కాకుండా కార్డు సంఖ్య ఉండాల్సిన చోటికి వెళ్లి, అలాంటి కార్డు లేదని ఎర్రర్ ఇస్తుంది. అందుకే మొదటి రోజు నుంచే '4ఎస్4ఎస్' అని రాసి, రెండు చిరునామాలనూ ఐనెట్_ఏటన్‌తో మార్చి ఇవ్వడం అలవాటు చేయాలి.

కార్డు చిరునామా తప్పకుండా ఇవ్వాలని మేము పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. ల్యాప్‌టాప్‌లో వైఫై, కేబుల్ రెండూ ఉంటే, సున్నా ఇచ్చినప్పుడు రూటింగ్ టేబుల్ చూసి సిస్టమే ఒకదాన్ని ఎంచుకుంటుంది. అది వైఫైని ఎంచుకుని అటువైపు గ్రూపులో చేరితే, కేబుల్ వైపు వస్తున్న డేటా మన దాకా రాదు. ఎర్రర్ కూడా ఉండదు. ఇక గేట్‌వే లేని విడి స్విచ్ మీద ప్రయోగం చేస్తే లైనక్స్ 'నో సచ్ డివైస్' అంటుంది, ఎర్రర్ సంఖ్య 19. దాన్ని చూసి నెట్‌వర్క్ కార్డే పోయిందనుకుంటారు. ఆ గ్రూపుకు వెళ్లే దారి రూటింగ్ టేబుల్లో లేదనే దాని అర్థం. కార్డు చిరునామా ఇస్తే ఈ రెండు బాధలూ పోతాయి.

బైండ్ దగ్గర విండోస్, లైనక్స్ తీరు వేరు. విండోస్‌లో గ్రూపు చిరునామాకు బైండ్ చేయనివ్వదు, ఖాళీ చిరునామాతో పోర్టుకు మాత్రమే చేయాలి. లైనక్స్‌లో అలా ఖాళీగా వదిలితే, అదే కంప్యూటర్‌లో ఇంకో ప్రోగ్రామ్ చేరిన గ్రూపుల డేటా కూడా, పోర్టు ఒకటే అయితే, మన సాకెట్‌లోకి వచ్చిపడుతుంది. హెడ్‌ఎండ్‌లో ఛానళ్లన్నిటికీ వేర్వేరు గ్రూపులు, ఒకే పోర్టు ఇవ్వడం మామూలే. అక్కడ రెండు స్క్రిప్టులు నడిపితే ఒకదాని ప్యాకెట్లు మరొకదానిలో కలిసి లెక్కలన్నీ తప్పుతాయి. లైనక్స్‌లో గ్రూపు చిరునామాకే బైండ్ చేయడం దీనికి తేలికైన మందు. ఐపీ_మల్టీకాస్ట్_ఆల్ అనే ఆప్షన్‌ను, దాని సంఖ్య 49, సున్నా చేసినా సరిపోతుంది. ఒకే సాకెట్‌తో చాలా గ్రూపుల్లో చేరదామనుకునేవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. లైనక్స్ ఒక సాకెట్‌కు 20 గ్రూపులే ఇస్తుంది, 21వ దాని దగ్గర 'నో బఫర్ స్పేస్' అంటుంది. అది మెమరీ కొరత కాదు, ఐజీఎంపీ_మ్యాక్స్_మెంబర్‌షిప్స్ అనే సెట్టింగ్ పెంచాలి.

పంపే స్క్రిప్ట్ ఇంకా చిన్నది. సాకెట్ తెరిచి గ్రూపుకు, పోర్టుకు సెండ్‌టు చేస్తే చాలు, పంపేవాడు గ్రూపులో చేరనక్కర్లేదు. ప్రతి సందేశంలో ఒక వరస సంఖ్య పెట్టి సెకనుకు పది పంపితే, అందుకునే వైపు మధ్యలో ఏవి పోయాయో తెలుస్తుంది. ఇక్కడ మరిచిపోయేది టీటీఎల్, అంటే ప్యాకెట్ ఎంత దూరం వెళ్లవచ్చో చెప్పే సంఖ్య. మల్టీకాస్ట్‌కు అది మొదట 1 ఉంటుంది, అంటే మొదటి రూటర్ దాటదు. ఒకే స్విచ్ మీద ఉంటే పరవాలేదు గానీ, రెండు వీలాన్‌ల (స్విచ్‌లో విడగొట్టిన వేర్వేరు నెట్‌వర్క్‌ల) మధ్య పంపాలంటే ఐపీ_మల్టీకాస్ట్_టీటీఎల్ పెంచాలి, రూటర్‌లో మల్టీకాస్ట్ రూటింగ్ కూడా ఉండాలి. పంపే కంప్యూటర్‌లో రెండు కార్డులుంటే ఏ కార్డు నుంచి పంపాలో ఐపీ_మల్టీకాస్ట్_ఐఎఫ్‌తో చెప్పాలి.

గ్రూపు చిరునామా ఎంచుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. సొంత అవసరాలకు కేటాయించినవి 239తో మొదలయ్యేవి. వాటిలోనూ 239.0.0, 239.128.0 అని మొదలయ్యేవి వాడకండి. ఐపీ గ్రూపు చిరునామాలో మారే బిట్లు 28 ఉంటే, ఈథర్‌నెట్ చిరునామాలోకి వెళ్లేవి చివరి 23 మాత్రమే. మిగిలిన ఐదు బిట్లు పోతాయి, అందుకే 32 ఐపీ గ్రూపులకు ఒకే ఈథర్‌నెట్ చిరునామా వస్తుంది. 224.1.1.1కీ 239.129.1.1కీ అది ఒకటే. 239.0.0 తరహావి రూటింగ్ ప్రొటోకాళ్లు వాడుకునే 224.0.0 వాటితో కలుస్తాయి, వాటిని చాలా స్విచ్‌లు వడకట్టకుండా అన్ని పోర్టులకూ పంపేస్తాయి. 239.10.20.30 లాంటిది తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇంతా చేసి డేటా రాకపోతే? ముందుగా, కార్డు దగ్గరి ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ అనే ప్రోగ్రామ్‌తో ఆ గ్రూపు ప్యాకెట్లు కార్డు దాకా వస్తున్నాయో చూడాలి. స్క్రిప్ట్‌ను నడుస్తుండగానే ఉంచి చూడాలి సుమా, లేకపోతే గ్రూపులో చేరినవాళ్లెవరూ లేక స్విచ్ పంపకపోవచ్చు. 'ఐపీ ఎమ్అడ్రర్ షో' అని కొడితే ఏ కార్డు ఏ గ్రూపులో ఉందో వస్తుంది. మన గ్రూపు తప్పు కార్డు కింద కనిపిస్తే పైన చెప్పిన కార్డు చిరునామా సంగతే. టీసీపీడంప్‌లో ప్యాకెట్లు కనిపిస్తూ స్క్రిప్ట్‌కు రాకపోతే అనుమానం రెండింటి మీద పెట్టుకోవాలి.

ఒకటి ఫైర్‌వాల్. టీసీపీడంప్ ప్యాకెట్‌ను ఫైర్‌వాల్ కంటే ముందే చూస్తుంది కాబట్టి, అక్కడ కనిపించినంత మాత్రాన లోపలికి వచ్చినట్టు కాదు. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఆన్ చేసినవాళ్లకు ఒక విచిత్రం కనిపిస్తుంది. టీవీలు, రూటర్ల ప్రయోగం చక్కగా నడుస్తుంది, సొంత గ్రూపు మాత్రం నడవదు. యూఎఫ్‌డబ్ల్యూ ముందుగా పెట్టుకున్న నియమాల్లో 239.255.255.250కీ, ప్రింటర్ల వెతుకులాటకు వాడే 224.0.0.251కీ అనుమతి ఉంది, మన గ్రూపుకు లేదు. విండోస్‌లో పైథాన్ మొదటిసారి నడిపినప్పుడు వచ్చే ఫైర్‌వాల్ ప్రశ్నకు 'క్యాన్సిల్' కొట్టేస్తే అదే పరిస్థితి.

రెండోది ఆర్‌పీ ఫిల్టర్. ప్యాకెట్ వచ్చిన కార్డు నుంచే పంపినవాడికి తిరుగు దారి ఉందా అని లైనక్స్ సరిచూస్తుంది, లేకపోతే చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. హెడ్‌ఎండ్‌లో ఎన్‌కోడర్ చిరునామా ఒక శ్రేణిలో, మన కంప్యూటర్ కార్డు మరో శ్రేణిలో ఉంటే ఫిల్టర్ కఠినంగా ఉన్నప్పుడు ఇది తగులుతుంది. విలువ 1 ఉంటే కఠినం, 2 ఉంటే సడలింపు. 'ఆల్' కింద ఉన్నదీ, ఆ కార్డు కింద ఉన్నదీ, రెండింటిలో పెద్దదే అమలవుతుంది. కాబట్టి కార్డు దగ్గర 0 పెడితే లాభం లేకపోవచ్చు, 2 పెడితే, పంపినవాడికి ఏదో ఒక కార్డు నుంచి దారి ఉన్నంతవరకు, పనవుతుంది. అసలైన మందు మాత్రం ఆ శ్రేణికి రూట్ వేయడమో, కార్డుకు అదే శ్రేణిలో చిరునామా ఇవ్వడమో.

అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది ఇంకొకటుంది. స్క్రిప్ట్ మొదలెట్టగానే డేటా చక్కగా వస్తుంది. నాలుగైదు నిమిషాలకు ఆగిపోతుంది. స్క్రిప్ట్ ఆపి మళ్లీ మొదలెడితే మళ్లీ వస్తుంది, మళ్లీ ఆగుతుంది. స్క్రిప్ట్‌లో లోపముందని రోజులు వృథా చేసుకుంటారు. లోపం స్విచ్ సెట్టింగ్‌లో ఉంది. ఐజీఎంపీ స్నూపింగ్ ఉన్న స్విచ్, ఎవరు గ్రూపులో చేరారో విని ఆ పోర్టులకే డేటా పంపుతుంది. కానీ ఆ జాబితా తాజాగా ఉండాలంటే 'ఇంకా ఎవరైనా ఉన్నారా' అని ఎవరో ఒకరు అడుగుతూ ఉండాలి. ఆ అడిగేవాడే క్వెరియర్. ప్రమాణం ప్రకారం 125 సెకన్లకు ఒకసారి ప్రశ్న వెళ్లాలి. రెండు ప్రశ్నల గడువు, దాని మీద పది సెకన్లు, మొత్తం 260 సెకన్లు దాటినా జవాబు వినిపించకపోతే స్విచ్ మన పోర్టును జాబితా నుంచి తీసేస్తుంది. రూటర్ లేని ల్యాబ్‌లో అడిగేవాడే లేడు, కాబట్టి మన కంప్యూటర్ జవాబూ చెప్పదు. సరిగ్గా 4 నిమిషాల 20 సెకన్లకు ప్రవాహం ఆగితే ఇక వేరే కారణం వెతకొద్దు. స్విచ్‌లో క్వెరియర్‌ను ఆన్ చేయండి. టీసీపీడంప్‌లో ఐజీఎంపీని మాత్రమే చూస్తుంటే 224.0.0.1కి వెళ్లే ప్రశ్నలు కనిపించాలి.

చవక స్విచ్‌లో స్నూపింగే ఉండదు కాబట్టి ఈ ఇబ్బంది రాదు, అందుకే దాని మీద అన్నీ పనిచేస్తున్నట్టు ఉంటుంది. అది మల్టీకాస్ట్‌ను బ్రాడ్‌కాస్ట్‌లా అన్ని పోర్టులకూ పంపుతుంది. 8 ఎంబీపీఎస్ ఛానళ్లు 20 ఉంటే 160 ఎంబీపీఎస్. అదే స్విచ్ మీద 100 ఎంబీపీఎస్ పోర్టులో ఉన్న బిల్లింగ్ కంప్యూటర్ ఆ వరదలో మునిగిపోతుంది. హెడ్‌ఎండ్‌లో స్విచ్ మీద డబ్బు మిగుల్చుకోవడం సరికాదని మా అభిప్రాయం.

ఇక డేటా వస్తూ మధ్యమధ్య పోవడం. 8 ఎంబీపీఎస్ ఛానల్ సాధారణంగా 1316 బైట్ల ప్యాకెట్లుగా వస్తుంది, సెకనుకు దాదాపు 760. లైనక్స్‌లో సాకెట్ బఫర్ మామూలుగా 2,12,992 బైట్లు. భాగిస్తే 161 ప్యాకెట్లు పట్టాలి, కానీ కర్నెల్ తన సొంత ఖర్చును కూడా అందులోనే లెక్కవేస్తుంది కాబట్టి అంతకన్నా తక్కువే పడతాయి. అంటే స్క్రిప్ట్ సెకనులో ఐదో వంతు ఆగినా ప్యాకెట్లు పోతాయి. ప్రతి ప్యాకెట్‌కూ తెరమీద ఒక లైను ప్రింట్ చేసే స్క్రిప్ట్ అలాగే ఆగుతుంది. లెక్కలు లోపల పెట్టుకుని సెకనుకు ఒకసారి ప్రింట్ చేయాలి. ఎస్ఓ_ఆర్‌సీవీబఫ్‌ను 4 ఎంబీకి పెంచాలి, దానికి ముందు సిస్టమ్‌లో ఆర్‌మెమ్_మ్యాక్స్ పెంచకపోతే మనమిచ్చిన విలువను మాటామంతీ లేకుండా తగ్గించేస్తుంది. పోయిన ప్యాకెట్లు కంప్యూటర్‌లోనే పోయాయా, నెట్‌వర్క్‌లో పోయాయా అనేది /ప్రోక్/నెట్/యూడీపీ ఫైల్లో చివరి నిలువు వరస 'డ్రాప్స్' చెబుతుంది. అది పెరుగుతుంటే తప్పు మనదే. రిసీవ్‌ఫ్రమ్‌కు ఇచ్చే పరిమాణం కూడా చూసుకోవాలి. 1024 ఇస్తే 1316 బైట్ల ప్యాకెట్‌లో మిగతాది లైనక్స్‌లో చెప్పకుండా పోతుంది, విండోస్‌లో 10040 ఎర్రర్ వస్తుంది. 2048 ఇస్తే ఇక్కడికి చాలు.

కేబుల్ హెడ్‌ఎండ్‌లో పనిచేసే కుర్రాళ్లకు ఈ స్క్రిప్ట్‌నే చిన్న పరీక్ష పరికరంగా మార్చుకోవచ్చు. 1316 అంటే 188 బైట్ల టీఎస్ (డిజిటల్ టీవీ ఛానళ్లను మోసే ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్) ప్యాకెట్లు ఏడు. ప్రతి 188 బైట్ల మొదటి బైటు 71 ఉండాలి. మొత్తం యూడీపీ డేటాలో మొదటి బైటు 128 వస్తే ముందు ఆర్‌టీపీ తలకట్టు ఉన్నట్టు, 12 బైట్లు వదిలి చూడాలి. రెండో బైటులో చివరి ఐదు బిట్లు, మూడో బైటు కలిపితే పీఐడీ, అంటే ఆ ప్యాకెట్ ఏ ధారకు చెందిందో చెప్పే సంఖ్య. నాలుగో బైటులో చివరి నాలుగు బిట్లు 0 నుంచి 15 దాకా తిరిగే లెక్క. ఒక పీఐడీలో ఆ లెక్క తప్పితే అక్కడ ప్యాకెట్ పోయింది, చూసేవాళ్ల టీవీలో బొమ్మ గళ్లుగా విరిగేది అప్పుడే. డేటా లేని ప్యాకెట్లలో లెక్క పెరగదు, 8191 పీఐడీ ఉత్త నింపుడు సరుకు, ఈ రెండింటినీ వదిలేయాలి. ఛానల్ వారీగా సెకనుకు ఎన్ని బిట్లు, ఎన్ని తప్పులు అని చూపిస్తే, ఫిర్యాదు వచ్చినప్పుడు లోపం ఎన్‌కోడర్ దగ్గరా, స్విచ్ దగ్గరా, బయట కేబుల్‌లోనా అనేది కొన్ని నిమిషాల్లో తేలుతుంది.

వైఫై మీద వీడియో మల్టీకాస్ట్ ప్రయత్నించకండి. వైఫైలో మల్టీకాస్ట్‌కు అందిందన్న రసీదు ఉండదు, పోయింది మళ్లీ పంపరు, పైగా అన్నిటికన్నా తక్కువ వేగంతో పంపుతారు. టీవీ పలకరింపుల లాంటి చిన్న సందేశాలకు అది చాలు, ఛానల్‌కు చాలదు. వర్చువల్ మిషన్‌ను న్యాట్‌లో కాకుండా బ్రిడ్జ్‌లో పెట్టాలి, డాకర్‌లో హోస్ట్ నెట్‌వర్క్ ఇవ్వాలి. హైదరాబాద్‌లో పంపి విశాఖలో స్నేహితుడికి ఇంటర్నెట్ మీద అందుతుందని ఎదురుచూడొద్దు, మామూలు ఇంటర్నెట్ కనెక్షన్ల మధ్య మల్టీకాస్ట్ నడవదు. గ్రూపుకు ఎవరైనా పంపవచ్చన్నది కూడా మరవకూడదు. రిసీవ్‌ఫ్రమ్ ఇచ్చే పంపినవారి చిరునామాను సరిచూసి, తెలియనిదైతే వదిలేయాలి.

కళాశాలల్లో ల్యాబ్ చూసే అధ్యాపకులకు మా విన్నపం ఒకటే. స్క్రిప్ట్ పనిచేసిందని రికార్డులో రాయించుకుని సరిపెట్టకండి, దాన్ని కావాలని చెడగొట్టించండి. కార్డు చిరునామా తప్పు ఇప్పించండి, గేట్‌వే తీసేయించండి, ఫైర్‌వాల్ ఆన్ చేయించండి, బఫర్ తగ్గించి లూప్‌లో అర సెకను నిద్ర పెట్టించండి, స్విచ్‌లో క్వెరియర్ ఆపించండి. ప్రతిసారీ తెరమీద ఏం కనిపించింది, టీసీపీడంప్ ఏం చెప్పింది, డ్రాప్స్ ఎంత పెరిగాయి అనేవి విద్యార్థి చేత రాయించండి. మూడు గంటల ల్యాబ్‌లో ఇవన్నీ అయిపోతాయి. క్వెరియర్ ఆపినప్పుడు మాత్రం తొందరపడకుండా కనీసం ఐదు నిమిషాలు ఆగి చూడనివ్వండి.

ఇట్లు,
కొందరు నెట్‌వర్క్ ఇంజినీర్లు,
హైదరాబాద్